బరువు మేకు మీదనా, కాలు మీదనా?



ఈ వారం మీతో ఒక చేపలతొట్టి గురించి మాట్లాడదలచాను. ఫాదర్‌గారికి వేరే విషయం దొరకలేదా అని నవ్వుకోకండి. నిజానికి తొట్టి గురించి కూడా కాదు, దాని కింద ఉండే కొయ్య స్టాండు గురించి. ఇంటికి వచ్చినవారు చేపలను చూస్తారు, రంగురాళ్లను చూస్తారు. స్టాండును ఎవరూ చూడరు.

మా విచారణలో ఒక కుటుంబంవారు పిల్లల పోరు పడలేక, బదిలీపై వెళుతున్న ఒక ఉద్యోగి దగ్గర పెద్ద గాజుతొట్టిని చవకగా కొన్నారు. దాన్ని హాలులో పాత టీవీ బల్లమీద పెట్టి, నీళ్లు పోయకముందే ఆశీర్వదించమని నన్ను పిలిచారు. నేను జపం చెప్పి, తీర్థం చల్లి, "చాలా బాగుందమ్మా, ఇక నీళ్లు పోయండి" అన్నాను. ఒక వస్తువుకు నాలుగు కారణాలుంటాయని అరిస్టాటిల్ చెప్పినదాన్ని సెమినరీలో కంఠతా పట్టి మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని. ఆ బల్ల ఎంత మోస్తుందని అడగడం మాత్రం నాకు తోచలేదు. ఆ ఇంటి ఇల్లాలికి తోచింది. "ఈ బల్ల ఆగుతుందా ఫాదర్? బావగారైతే చూడగానే చెప్పేవారు" అన్నది. వెంటనే హాలంతా నిశ్శబ్దమైపోయింది.

ఆమె బావగారు, అంటే ఇంటాయనకు స్వయాన అన్నగారు, పేరున్న వడ్రంగి. తండ్రిగారి ఇల్లు అమ్మిన డబ్బు పంపకాల దగ్గర మాటామాటా పెరిగి, నాలుగేళ్లుగా ఆ రెండు ఇళ్లకు రాకపోకలు లేవు. అన్నగారు ఆదివారం మొదటి పూజకు వస్తారు, తమ్ముడు రెండవ పూజకు వస్తాడు. ఒకే పీఠం దగ్గర దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తూ, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండటానికి మా గుడిలో రెండు పూజలు బాగా అక్కరకు వచ్చాయి.

నేనే వెళ్లి అన్నగారిని అడిగాను. మూడవ రోజు సాయంత్రం సంచి తగిలించుకుని వచ్చారు. "తొట్టి కోసం వచ్చాను ఫాదర్‌గారూ, వాడి కోసం కాదు" అని గుమ్మంలోనే చెప్పారు. సరే, తొట్టి కోసమే రానిమ్మనుకున్నాను.

వచ్చీరాగానే ఆయన రంపం తీయలేదు. కాగితం, పెన్సిలు అడిగారు. తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంటే 12 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగులో 28 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. అంచుదాకా నింపితే 340 లీటర్లు, అంటే 340 కిలోలు. పది మిల్లీమీటర్ల మందం గాజు సుమారు 65 కిలోలు. ఇసుక, రాళ్లు కలిపి మరో 45. మొత్తం 450 కిలోలు. "ఏడుగురు మనుషులు ఈ టీవీ బల్లెక్కి రాత్రింబగళ్లు దిగకుండా నిలబడ్డట్టు ఫాదర్‌గారూ" అన్నారాయన. లూకా సువార్త 14వ అధ్యాయంలో, గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన మాటపై ఎన్నోసార్లు ప్రసంగించాను. అలా కూర్చుని లెక్క వేసే మనిషిని ఎదురుగా చూడటం మాత్రం అదే మొదలు.

కొయ్య ఆయనే తెచ్చారు. పాత టేకు దూలాలు. తండ్రిగారి ఇల్లు పడగొట్టినప్పుడు దాచుకున్నవట. ఏళ్ల తరబడి ఆరిన కొయ్య కనుక ఇక వంకర తిరగదని చెప్పి, లోపల పాత మేకులేమైనా మిగిలాయేమోనని వేళ్లతో తడిమి చూశారు. తమ్ముడు ఆ దూలాలను గుర్తుపట్టాడు. కొస పట్టుకొమ్మంటే పట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాలుగు కాళ్లు నిలబెట్టి, పైభాగంలో వాటి పక్కలకు అడ్డపట్టెలు ఆనించి స్క్రూలు బిగిస్తే స్టాండు అయిపోతుందని నేననుకున్నాను. చూడటానికి అది గట్టిగానే ఉంటుంది. కాని ఆయన అలా చేయలేదు. కాళ్లను అడ్డపట్టెల కిందికే తెచ్చారు. పట్టె సరిగ్గా కాలి తలమీద కూర్చుంటుంది. బరువు పట్టెమీద నుంచి కాలిలోకి, కాలిలో నుంచి నేలలోకి తిన్నగా దిగిపోతుంది. ఆ కాలికి పక్కగా ఇంకొక చెక్క వేసి, అప్పుడు స్క్రూలు బిగించారు. ఎందుకని అడిగాను.

"మేకైనా స్క్రూ అయినా పట్టుకోవడానికే ఫాదర్‌గారూ, మోయడానికి కాదు. కొయ్య మీద కొయ్య కూర్చోవాలి. మేకుకు మోత అప్పగిస్తే ఆ రోజే ఏమీ కాదు. అదే మోసం. ఆరు నెలలు మోస్తుంది, ఏడాది మోస్తుంది. ఎవరికీ వినపడకుండా వంగుతూనే ఉంటుంది. ఒక రాత్రి తెగుతుంది."

ఆయన వడ్రంగం గురించే చెప్పారని నా నమ్మకం. కాని ఆ అన్నదమ్ముల తల్లి పక్షవాతంతో మంచం పట్టి పెద్దకొడుకు ఇంట్లోనే ఉన్నది. ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, మందులు పట్టించడం అన్నీ పెద్దకోడలే. నాలుగేళ్లుగా రెండో ఇంటినుంచి ఒక చెయ్యి రాలేదు, ఒక రూపాయి రాలేదు. తమ్ముడు స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని చాలాసేపు తలెత్తలేదు.

ప్రియ పాఠకులారా, పునీత పౌలుగారు గలతీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయంలో ఒకరి భారాన్ని ఒకరు మోయాలంటారు. మూడు వచనాలు దాటగానే ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలంటారు. ఇదేమిటి, ఆయనే చెప్పి ఆయనే కాదంటున్నారా అనిపిస్తుంది. గ్రీకు మూలంలో అవి రెండు వేర్వేరు పదాలు. మొదటిది 'బారోస్', మనిషిని కుంగదీసే భారం. రెండవది 'ఫోర్తియోన్', ఎవరి భుజానికి తగినట్లు వారికి కట్టిన మూట. మన ప్రభువు తన బరువు తేలికైనదని చెప్పినప్పుడు మత్తయి సువార్తలో ఉన్నదీ ఈ రెండవ పదమే. అక్కడే కాడి మాట కూడా వస్తుంది. ఆయన వడ్రంగి పనిలో ఉన్నప్పుడు నాగళ్లు, కాడులు చేసేవాడని రెండవ శతాబ్దపు వేదసాక్షి పునీత జస్టిన్ వ్రాశారు. ఒక్క ఎద్దు మెడకే మోత పడేలా ఏ వడ్రంగీ కాడి చేయడు.

మీ ఇంట్లో ఏది కాలు, ఏది మేకు? ఇంటినంతా నవ్వుతూ పట్టుకుని ఉంచే మనిషి ఒకరుంటారు: తల్లో, పెళ్లికాని అక్కో, ఇంటికి పెద్దకొడుకో. విరగలేదు కదా అని మనం ఇంకొంచెం బరువు వేస్తాం. నేనూ వేశాను. వెనుకటి విచారణలో పాఠాలు, రోగుల పరామర్శ, చందాలు, గంట కొట్టడం అన్నీ ఒక్క ఉపదేశిగారి మీదనే వేసి, ఆయన మంచాన పడ్డాక గాని వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఒక్కనాడు కూడా ఫిర్యాదు చేయలేదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాడిని.

మిగిలిన పని తొందరగానే అయింది. పక్కలకు ఊగకుండా వెనుక ఏటవాలుగా ఒక బద్ద కొట్టారు. నీళ్లకు ఉబ్బని రకం ప్లైవుడ్ పైన పరిచారు. కోసిన కొసలే తడి పీలుస్తాయని వాటికి వార్నిష్ మూడుసార్లు పట్టించారు. అది ఆరాక ఒక సాయంత్రం మళ్లీ వచ్చి, ఒక్క ఇసుక రేణువు కూడా లేకుండా తుడిచి, థర్మకోల్ షీటు వేసి, దానిమీద తొట్టిని నలుగురం కలిసి దించాం. పిల్లలు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"పావు వంతే పోయండి. రేపు రసమట్టం పెట్టి చూశాకే మిగతాది."

"అక్కను కూడా తీసుకురండి బావగారూ, చేపలు చూస్తుంది" అన్నది ఇల్లాలు.

"అది వస్తే అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"నేనుంటాన్లే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

మరునాడు నేనూ వెళ్లాను. రసమట్టంలో బుడగ ఎడమవైపు జరిగి ఉన్నది. నీళ్లు తోడేసి, కుడివైపు కాళ్ల కింద పలుచని చెక్కముక్కలు దూర్చి, బుడగ నడుమకు వచ్చాక మళ్లీ పోశారు. పెద్దకోడలు కుర్చీలో కూర్చుని పిల్లలు చూపించిన చేపనల్లా చూసింది. ఆ సాయంత్రం తమ్ముడు మాత్రం ఆ ఇంట్లో లేడు.