ఇల్లు చేరిన బిడ్డ

సంరక్షణ గృహములో కొన్ని సంవత్సరములు పెరిగిన బిడ్డను తిరిగి తల్లికడకు పంపునపుడు మనము ధర్మము చేయుచున్నామా, లేక మన భారమును దించుకొనుచున్నామా? చూచుటకు రెండును ఒక్క తీరుననే యుండును. బిడ్డ పెట్టె సర్దుకొనును, అధికారి సంతకము చేయును, బండి కదలును. భేదమంతయు పంపువారి మనస్సులోనే యున్నదని కొందరందురు. నాకట్లు తోచదు. ఆ భేదము బిడ్డ బ్రతుకులో కనబడును.

ఈ ప్రశ్న ఊహలో పుట్టినది కాదు. కరోనా వ్యాధి ప్రబలిన 2020వ సంవత్సరమున సెప్టెంబరు మాసములో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రములకు వ్రాయుచు, గృహములలోని పిల్లలను 100 దినములలో వారి వారి కుటుంబములకు చేర్చవలెనని కోరినది. ఆ ఎనిమిదింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును ఉన్నవి. దేశమంతట గృహములలోనున్న పిల్లలు రెండున్నర లక్షలకు పైబడియుండగా, వారిలో నూటికి 70 మందికి మించి ఆ రాష్ట్రములలోనే యున్నారని కమిషన్ లెక్క. కుటుంబములో పెరుగుట ప్రతి బిడ్డ హక్కు అనునది కమిషన్ వాదము.

ఆ వాదమున తప్పు పట్టుటకు లేదు. గృహములలోని పిల్లలందరును అనాథలు కారు. తల్లియో తండ్రియో జీవించియుండి, కేవలము పేదరికముచే బిడ్డను అప్పగించినవారు అనేకులు. 2015వ సంవత్సరపు బాలల న్యాయచట్టము సైతము బిడ్డను సంస్థలో నుంచుట కడపటి మార్గము కావలెనని చెప్పుచున్నది. అయితే 100 దినములు అనునది కార్యాలయమునకు సరిపడు కొలత. ఒక బిడ్డకు పది దినములు చాలును, మరియొక బిడ్డకు సంవత్సరము చాలదు. ఒక్కొక్క బిడ్డ స్థితిని వేరువేరుగా విచారింపక పంపరాదని పిల్లల క్షేమము కోరువారు పలువురు ఆనాడే హెచ్చరించిరి.

ఆ సంవత్సరాంతమున నేనొక బాలుర గృహమునకు పుస్తకములిచ్చుటకై వెళ్ళితిని. వసారాలో పదునొకండేండ్ల బాలుడొకడు రేకుపెట్టెమీద కూర్చుండి యున్నాడు. ఆరేండ్ల ప్రాయమున వచ్చినవాడట. తండ్రి లేడు, తల్లి ఊరూర తిరిగి మేస్త్రీల వెంట కూలిపని చేయునది. మధ్యాహ్నము తల్లి వచ్చుననియు, తానిక వెళ్ళిపోవుదుననియు వానికి ఆ ఉదయమే తెలిసినది. నన్ను చూచి లేచి, “సార్, ఈ పెట్టె నాదేనా, ఇక్కడే పెట్టి పోవాలా?” అని అడిగెను. నేను వార్డెనుగారి వైపు చూచితిని. “తీసుకుపోరా, నీదే” అని ఆయన అనెను. ఆయన కఠినుడు కాడు. పెట్టెలో కొత్త దుప్పటి యొకటి పెట్టించెను కూడ. కాని అయిదేండ్లు పెరిగిన చోట ఏది తనదో, ఏది కాదో ఎరుగని ఆ బిడ్డ నన్ను కలవరపెట్టినాడు. తల్లి వచ్చినది. వాడు దాగుకొనలేదు, పరుగెత్తనూ లేదు. ఆమె కూడ వానిని ఆనవాలు పట్టుటకు ఒక క్షణము నిలిచిపోయినది.

ఆమెకు ప్రేమ లేదని దీని యర్థము కాదు. ఇద్దరును ఒకరికొకరు కొత్తవారైరి, అంతే. ఈ కొత్తదనము పోవుటకు కొంత కాలము కావలెను. తల్లి ముందుగా రెండు మూడు పర్యాయములు వచ్చి కూర్చుండవలెను. బిడ్డ పండుగకు వెళ్ళి నాలుగు దినములుండి రావలెను. అక్కడి బడి ఏది, టి.సి. ఎవరు తెచ్చెదరు, తల్లి పనికి పోయినపుడు ఇంట నెవరుందురు అని ముందే విచారింపవలెను. గృహములో వానికి తమ్మునివంటి చిన్నవాడొకడుండును, వానికి చెప్పిరావలెను. పెద్దలకు ఇవి అల్పములుగా తోచును.

బిడ్డను అడిగినచో ఎవరు వెళ్ళుటకు ఒప్పుకొందురు, ఇక్కడ మూడు పూటల అన్నమున్నది గదా యని వార్డెనుగారు నాతో ననిరి. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయితే అడుగుట వేరు, నిర్ణయమును వానికే వదలుట వేరు. తన యభిప్రాయము చెప్పుకొను హక్కు బిడ్డకున్నదని ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన ఒడంబడిక చెప్పుచున్నది. మన దేశము 1992లో దానికి సమ్మతించినది. వాడు వద్దనినచో ఎందుకు వద్దనుచున్నాడో తెలియును. అన్నము కొరకే యైనచో ఆ అన్నము తల్లి యింటికి చేరు మార్గము చూడవలెను. ఇండ్లకు చేరిన పిల్లల చదువునకు నెలకు 2,000 రూపాయలీయవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2020 డిసెంబరులో ఆదేశించినది. 2022లో మిషన్ వాత్సల్య నియమములు అట్టి కుటుంబములలోని బిడ్డకు నెలకు 4,000 రూపాయల సహాయమును నిర్ణయించినవి. భయము చేత వద్దనినచో సంగతి వేరు. అపుడు పంపుటయే పాపము.

అన్నము పెట్టినవారికి బిడ్డ ఋణపడియున్నాడను భావము మనలో లోతుగా నున్నది. అందుచేతనే వెళ్ళునపుడు వాడు కన్నీరు పెట్టుకొనినచో మనకు తృప్తి, పెట్టుకొననిచో కృతఘ్నుడను మాట. దాసోహమను పదమును నిత్యము పలుకువారమైనను, పెట్టినది మనది కాదను సంగతి ఇచ్చట మరతుము.

18 ఏండ్లు నిండి గృహము విడుచు యువకుల కథ మరియొకటి. వారికి 21 ఏండ్ల వరకు తోడ్పాటును చట్టము తలచినది గాని, ఆర్థికసహాయము “చేయవచ్చును” అనియే యన్నది. “చేయవలెను” అనలేదు. కన్నకొడుకునకు 18 నిండిన మరునాడు తలుపు మూసిన తండ్రిని ఊరు ఏమనునో మనకు తెలియును.

ఆ దినమున నేను గృహపు రిజిస్టరు చూచితిని. వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ, ఎవరికి అప్పగించిరి, సంతకము. తల్లి వ్రేలిముద్ర వేసినది. దాని తరువాత గడి లేదు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట, ఎవరైన ఆ యూరికి పోయి చూచి వచ్చిరా యని అడిగితిని. “పేరు కొట్టేశాక అది మా పని కాదు సార్” అని వార్డెనుగారు బదులు చెప్పిరి. వాడు బడిలో చేరెనో, తల్లి వెంట పనులు జరుగు చోట్లకు తిరుగుచున్నాడో నాకీనాటికిని తెలియదు.