దాహం తీరని బండి

మార్కాపురంలో ఇద్దరు టాక్సీ డ్రైవర్లు ఉండేవారు. ఇద్దరివీ పాత అంబాసిడర్లే. ఎండాకాలం వస్తే ఇద్దరికీ ఒకటే బేరం, దోర్నాల మీదుగా శ్రీశైలం.

చిన్నవాడి డిక్కీలో ఎప్పుడూ నాలుగు క్యాన్ల నీళ్లుండేవి. బయల్దేరేముందు, దోర్నాలలో, మళ్లీ ఘాట్ మధ్యలో బానెట్ ఎత్తి రేడియేటర్ నింపేవాడు. బండంటే ఎంత ప్రాణమో అని ఊళ్లో మెచ్చుకునేవారు. పెద్దవాడు ఒక్క క్యానే పెట్టుకునేవాడు. అదీ చాలాసార్లు మూత తీయకుండానే ఇంటికొచ్చేది. అతనికి బండి మీద అంత ధ్యాస లేదని అనుకునేవారు.

ఒక మే నెల మధ్యాహ్నం, నల్లమలలో చెట్లు ఆకురాల్చి నీడ కరువైన రోజుల్లో, చిన్నవాడు ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతున్నాడు. చివరి క్యాను కూడా అయిపోయింది. ఓ మలుపులో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. చుట్టూ అడవి. వెనక సీట్లో ఒక ముసలమ్మ, ఒళ్లో చంటిపిల్ల.

యాత్రికులను దించి ఖాళీగా వస్తున్న పెద్దవాడు చూసి ఆగాడు. గుడ్డతో రేడియేటర్ మూత తిప్పబోతున్న చిన్నవాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా తమ్ముడూ. ఇప్పుడు తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. అరగంటైనా చల్లారనీ."

వేడి తగ్గాక రేడియేటర్ మీద మెల్లగా చెయ్యి ఆనించి చూశాడు. పైభాగం ఇంకా వెచ్చగానే ఉంది. కింద ఒక మూల మాత్రం చల్లగా తగిలింది.

"ఇక్కడికి నీళ్లు రావట్లేదు. లోపల గొట్టాలు పూడిపోయాయి. ఏ నీళ్లు పోస్తున్నావు?"

"మన బోరు నీళ్లే అన్నా. రోజూ పోస్తూనే ఉన్నాగా!"

"రోజూ పోయాల్సిన అవసరం ఎందుకొస్తోందో చూశావా?"

వాటర్ పంపు కింద తెల్లటి చార చూపించాడు. నీళ్లు కారి ఆరిపోయిన జాడ అది. తర్వాత మూత తీసి లోపలివైపు తిప్పాడు. రబ్బరు పగుళ్లిచ్చి ఉంది.

తన క్యాను చిన్నవాడికిచ్చాడు. "ఇంజను స్టార్ట్ చేసి కొంచెం కొంచెంగా పొయ్యి. కాలిన ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్డు పగులుతుంది. రెండో గేరులోనే ఎక్కు. ఇంజను చురుగ్గా తిరిగితేనే బెల్టు ఫ్యానునీ పంపునీ చురుగ్గా తిప్పుతుంది." ముసలమ్మనీ, చంటిపిల్లనీ, దాని తల్లినీ తన బండిలో ఎక్కించుకుని మళ్లీ కొండెక్కాడు.

తర్వాత రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, సన్నటి కడ్డీ దూర్చి గొట్టాలు శుభ్రం చేస్తుంటే సున్నపు పొర పలక పెచ్చుల్లా ఊడిపడింది. చిన్నవాడు ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లే అలా గట్టిపడ్డాయి.

నీతి: దాహమన్న ప్రతిసారీ నీళ్లు పోసేవాడికంటే, ఆ దాహం ఎందుకో వెతికేవాడే బండికి నిజమైన ఆప్తుడు.

రేడియేటర్‌కు తరచూ నీళ్లు పోయాల్సిన అవసరం రాకూడదు. వస్తోందంటే ఎక్కడో కారుతోంది, లేదా మూతలోంచి ఆవిరై పోతోంది. ఖనిజాలెక్కువున్న బోరు నీటిని ఎన్నిసార్లు పోస్తే అంత సున్నం లోపల పేరుకుంటుంది. అది పేరుకున్నకొద్దీ బండి ఇంకా వేడెక్కుతుంది, ఇంకా నీళ్లడుగుతుంది. చివరికి నిందంతా ఎండ మీదకు పోతుంది. అది అన్యాయం. 45 డిగ్రీల ఎండలోనైనా ఆరోగ్యంగా ఉన్న ఇంజను నడుస్తుంది. ఇంజను నుంచి రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేదే ఆ నీళ్లు 80 డిగ్రీలు దాటాక.

మూత విలువ చాలామందికి తెలియదు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మంచి మూత ఒత్తిడిని పట్టి ఉంచి ఆ హద్దును పైకి జరుపుతుంది. రబ్బరు పోతే ఆ రక్షణా పోతుంది. పాత బండితో వేసవి ప్రయాణం పెట్టుకున్నవారు ముందుగా దీన్నే చూడాలి. రబ్బరు గొట్టాలను నొక్కి మెత్తబడ్డాయేమో, బెల్టు వదులైందేమో చూడాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగుల్నీ దుమ్మునీ ఇంజను వైపు నుంచి నీళ్లు కొట్టి కడగాలి. లోపల డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయించాలి. థర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుందని కొందరు మెకానిక్‌లు చెబుతారు. నేనైతే ఒప్పుకోను. పాడైతే కొత్తది వేయించాలి.

దారిలో ముల్లు పైకి కదలగానే ఏసీ ఆపి, హీటరుంటే పూర్తిగా తిప్పి అద్దాలు దించాలి. లోపలివాళ్లకు చెమటలు కారినా ఇంజను వేడి కొంత అటు మళ్లుతుంది. అప్పటికీ దిగకపోతే నీడ చూసి ఆపాలి. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా కనిపించిందా, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా లాగే బండిని పిలిపించాలి.