మార్గము మార్చుకొనుట చపలత్వమా?

నిర్ణయించుకొనిన ప్రయాణమును దారిలో మార్చుకొనుట చపలత్వమా, వివేకమా?

ఐరోపాలో ఒక కుటుంబము మిలాను నుండి జూరిచ్ పట్టణమునకు కారులో పోవుచున్నదనుకొందము. 1980లో తెరచిన గొట్టార్డు సొరంగము ఇంచుమించు 17 కిలోమీటర్లు. వేసవిలో దాని యెదుట బండ్లు బారులు తీరును. అప్పుడు తండ్రి, "కనుమ మీదుగా పోవుదము" అనును. ఆ కనుమ 2,106 మీటర్ల యెత్తున నున్నది. పిల్లలకు సంతోషమే. అయితే మలుపులలో తల తిరుగు అవ్వ మాట యేమి? జూరిచ్‌లో భోజనము సిద్ధపరచి కనిపెట్టుచున్న బంధువుల మాట యేమి?

పౌలు భక్తుడును ఐరోపాలోని కొరింథుకు వచ్చెదనని తెలిపి, ప్రయాణము మార్చుకొని, చపలచిత్తుడను నింద పొందెను. ఆ సంఘమును నొప్పింపకుండుటకే రాలేదని రెండవ పత్రిక మొదటి అధ్యాయములో వివరించెను. మార్పునకు కారణము వారి మేలే.

కావున వ్రాసికొనిన చీటీకి మనము దాసులము కాము. అనుకోని దారిలోని ఆనందమును దేవుని యీవియే. అయినను మన సరదాకు వెల ఇతరులు చెల్లింపవలసివచ్చినయెడల అది స్వార్థమని మాకు తోచుచున్నది. దారి మరలకముందు కారులోనివారిని అడుగుదము. ఎదురుచూచువారికి కబురు పంపుదము.