నా లెక్క నా ఒక్కదానిదేనా?

ఎవరికీ నష్టం లేని అబద్ధం ఉంటుందా? పోయిన ఏడాది ఎవరైనా నన్ను ఇలా అడిగి ఉంటే "ఎందుకుండదు?" అనేదాన్ని. కూరలో ఉప్పు ఎక్కువైనా అమ్మతో బాగుందంటాం. నిద్రపోతూ ఉండి కూడా ఫోన్లో "చదువుకుంటున్నా" అంటాం. వీటివల్ల ఎవరికి ఏం పోయింది అనుకునేదాన్ని. మొన్న మే నెలలో నేను ఒక నోటుబుక్కులో రాసిన అంకె నా అభిప్రాయాన్ని మార్చేసింది. ఆ సంగతే ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మాది చెన్నైలో తిరువల్లిక్కేణి. మెరీనా బీచ్ మా ఇంటికి దగ్గర. మా మామయ్యకి పరుగంటే ప్రాణం. ఆయన వెంట నేను, ఎదురింటి నర్సక్క, వీధి చివర కొట్టు పెట్టుకున్న టైలరన్న, మామయ్యతో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే ఇద్దరు, మొత్తం ఆరుగురం. మాలో ఎవరమూ క్రీడాకారులం కాదు. టైలరన్నకి షుగర్ ఉంది. డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టి, మెల్లగా పరుగుదాకా వచ్చారు. నర్సక్క నైట్ డ్యూటీ అలసట పోవడానికి వస్తానంటుంది. నేనైతే మొదట్లో పరుగయ్యాక టీ కొట్టులో ఇప్పించే వేడి వడ కోసమే వెళ్ళాను. తర్వాత పరుగే అలవాటైపోయింది.

మా పద్ధతి ఇదీ. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరి వీలునుబట్టి వాళ్ళు పరిగెత్తాలి. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి అందరం ఉళైప్పాళర్ సిలై దగ్గర కలుస్తాం. నలుగురు కూలీలు కలిసి ఒక పెద్ద బండను కదిలిస్తున్నట్టు ఉంటుందే, ఆ విగ్రహమే. అక్కడి నుంచి లైట్‌హౌస్ దాకా వెళ్ళి తిరిగొస్తే దాదాపు ఐదున్నర కిలోమీటర్లు. తర్వాత టీ కొట్టు. అక్కడ మామయ్య సంచిలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీస్తారు. అందులో ఆరు గళ్ళు. ఆ వారం ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తామో ఎవరి గడిలో వాళ్ళం రాయాలి. తనిఖీ లేదు, సాక్షులు లేరు. నమ్మకం ఒక్కటే. జూన్ రెండో ఆదివారం మా పక్కపేటలో ఐదు కిలోమీటర్ల పందెం ఉందని తెలిసి ఆరుగురమూ పేర్లిచ్చాం.

ఇంతలో మే వచ్చింది. మా నాయనమ్మ రోహిణి కార్తె అంటుంది, పక్కింటివాళ్ళు కత్తిరి వెయిల్ అంటారు. పేరేదైనా ఉక్కపోత ఒక్కటే. మా పెద్దమ్మవాళ్ళది అనంతపురం. అక్కడ నలభై డిగ్రీలు దాటినా చెమట ఇట్టే ఆరిపోతుంది. మెరీనాలో తెల్లవారుజామున ముప్పై డిగ్రీలు కూడా ఉండదు, కానీ ఒక కిలోమీటరు పరిగెత్తేసరికి చొక్కా పిండుకోవచ్చు. ఎందుకని సైన్సు టీచర్ని అడిగితే మట్టికుండని గుర్తు చేసుకోమన్నారు. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, అందుకే కుండనీళ్ళు చల్లగా ఉంటాయి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు సరిగా ఆవిరవదు, కుండ అంతగా చల్లబడదు. మన ఒళ్ళూ అంతే. ఆరిన చెమటే ఒంటిని చల్లబరుస్తుంది. ఊరికే కారిపోయిన చెమట ఒంట్లో నీళ్ళు తీసుకుపోతుంది తప్ప వేడిని తీసుకుపోదు. కాబట్టి ఉక్కపోతలో ఎవరైనా నెమ్మదించాల్సిందే. అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ తప్పు చేశాను.

ఏప్రిల్‌లో నేను వారానికి 22 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని. ఆరుగురిలో మామయ్య తర్వాత నాదే ఎక్కువ. అందరూ "పాప చూడండి" అని మెచ్చుకునేవాళ్ళు. మే మొదటి వారం నావల్ల కాలేదు. మధ్యలో ఆగిపోయాను, చాలా దూరం నడిచాను. నిజంగా పరిగెత్తింది 15 కిలోమీటర్లే. ఆదివారం పెన్ను నా చేతికొచ్చింది. నడిచింది కూడా కాళ్ళతోనే కదా అనుకుని 22 అని రాసేశాను. రెండో వారం పరిగెత్తింది 14. రాసింది 24. ఒకసారి 22 రాశాక తగ్గించడానికి చెయ్యి రాలేదు.

పక్క గడిలో టైలరన్న లెక్క. ఆయనది మొదటి వారం 14, రెండో వారం 17. నా గడి చూసి నవ్వుతూ "ఇంత ఎండల్లో చిన్నపిల్ల ఇరవైనాలుగు పరిగెత్తుతుంటే నేనింకా కుంటుతున్నాను" అన్నారు. నేనూ నవ్వాను. ఏమీ అనలేదు.

మూడో ఆదివారం లైట్‌హౌస్ దగ్గర తిరిగి వస్తున్నాం. ఆ వారం ఆయన ఆదివారం రాకముందే 16 కిలోమీటర్లు పూర్తిచేశారు. స్విమ్మింగ్ పూల్ దాటే చోట ఆయన అడుగులు తడబడ్డాయి. తల తిరుగుతోందన్నారు, వాంతి చేసుకున్నారు, కూలబడిపోయారు. మనిషి తెల్లగా పాలిపోయారు. నర్సక్క ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టింది. మా అందరి నీళ్ళ బాటిళ్ళు లాక్కుని మెడమీద, చంకల్లో, నుదుటిమీద తడిగుడ్డలు వేసి విసరమంది. నేను నా టోపీతో విసిరాను. చేతులు వణికాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి తేరుకున్నారు కానీ నాలుగు రోజులు మిషన్ తొక్కకూడదన్నారు. బడులు తెరిచే ముందు నెల అది. యూనిఫాంలు కుట్టే కాలం. ఏడాది మొత్తంలో ఆయనకి నాలుగు డబ్బులు వచ్చేది అప్పుడే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మనసులో ఒక వకీలు, ఒక జడ్జి కూర్చున్నట్టు అనిపించింది. వకీలు అన్నాడు: "ఆయన పెద్దవారు. తన ఒళ్ళు తనకి తెలియదా? నువ్వేమన్నా పరిగెత్తమన్నావా? పైగా నర్సక్క ఏం చెప్పింది? కుట్టుపని ఎక్కువై రెండు రాత్రులు నిద్ర లేదు, నీళ్ళు సరిగా తాగలేదు, షుగర్ ఉంది, ఉక్కపోత. ఇన్ని కారణాల్లో నీ అంకె ఎంత?"

ఈ వాదనలో నిజం ఉంది. అందుకే దాన్ని తోసిపుచ్చడం కష్టమైంది. కానీ ఆలోచించగా ఒకటి తెలిసింది. తప్పు మామిడిపండు కాదు, ముక్కలు కోసి పంచుకోవడానికి. పక్కన ఇంకో నాలుగు కారణాలు ఉన్నంతమాత్రాన నా వంతు తగ్గిపోదు. ఎంత పరిగెత్తాలన్న నిర్ణయం టైలరన్నదే, కాదనను. అయితే ఆయన దేన్ని చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు? ఆ ఎండలో 24 కిలోమీటర్లు పరిగెత్తడం మామూలే అని నేనే కదా రాసిచ్చాను! నేను 14 అని రాసి ఉంటే, "పాపే తగ్గించింది, నేనెంత" అని ఆయనా తగ్గించేవారేమో. చెప్పలేను. ఆ అవకాశం ఆయనకి లేకుండా చేశానని మాత్రం చెప్పగలను.

మరి నేను చెప్పింది పూర్తి అబద్ధమా? ఆ దూరమంతా పోయిన మాట నిజమే, కొంత నడిచాను అన్నది మింగేశాను. ఇది ఆలోచిస్తుంటే మా తెలుగు టీచర్ చెప్పిన ధర్మరాజు కథ గుర్తొచ్చింది. యుద్ధంలో అశ్వత్థామ చనిపోయాడని విన్న ద్రోణుడు నిజమా కాదా అని ధర్మరాజునే అడిగాడు. ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాట వినబడకుండా అన్నాడు. మాటలు విడదీసి చూస్తే అబద్ధం లేదు. అయినా అంతవరకు నేలకి నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం అప్పుడు కిందికి దిగిందంటారు. చిన్నప్పుడు ఈ కథలో రథమే గొప్పగా తోచేది. ఇప్పుడు ద్రోణుడు కనిపిస్తున్నాడు. అంతమంది ఉండగా ఆయన ధర్మరాజునే ఎందుకడిగాడు? ఈయన బొంకడు అన్న నమ్మకంతో. అంటే ఆ మాట అంత దెబ్బ తీసింది దాని వెనక ఉన్న నమ్మకం వల్లే. మా నోటుబుక్కు కూడా నమ్మకం మీద నడిచేదే. ఎవరూ తనిఖీ చేయని చోట చెప్పిన అబద్ధం చిన్నదని అనుకునేదాన్ని. నిజానికి అక్కడే అది పెద్దది.

మరో వాదన కూడా ఉంది. వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి, ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని చెబుతాడు. నాదీ మానం కాపాడుకోవడమే కదా, అందరిముందు తక్కువైపోతే ఎలా? అయితే అందరిముందు తగ్గడం నిజంగా అవమానమా అని చూడాలి. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఎండకి భయపడి ఆడవాళ్ళ మారథాన్ అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా ఉక్కపోత వదల్లేదు. 68 మంది బయలుదేరితే 28 మంది మధ్యలో ఆగిపోయారు. గెలిచిన కెన్యా అమ్మాయి రూత్ చెప్‌న్‌గెటిచ్‌కి 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు పట్టింది. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆమె 2 గంటల 17 నిమిషాల్లో ముగించింది. పదిహేను నిమిషాలు తగ్గినా బంగారు పతకం ఆమెదే. గాలిని బట్టి తగ్గడం ఆమెకి అవమానం కాలేదు. మరి తిరువల్లిక్కేణి పిల్లకి ఎందుకు కావాలి?

ఇంకో కథ మామయ్య చెప్పారు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒలింపిక్ మారథాన్ జరిగింది. మండే ఎండ, దుమ్ము రోడ్లు, తాగడానికి నీళ్ళు కరువు. 32 మంది బయలుదేరితే 14 మందే చేరారు. మొదట చేరిన ఫ్రెడ్ లోర్జ్ మధ్యలో చాలా దూరం కారులో వచ్చాడని బయటపడింది. తమాషాకి చేశానన్నాడు. నిషేధం వేశారు, తర్వాత ఎత్తేశారు. 1905లో అతనే బోస్టన్ మారథాన్‌ని తన కాళ్ళతో పరిగెత్తి గెలిచాడు. మామయ్యకి అప్పటికి నా సంగతి తెలియదు. ఊరికే మాటల్లో చెప్పారు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అయితే ఆ కథ చివర నాకు ధైర్యం కూడా ఇచ్చింది. అబద్ధం చెప్పిన మనిషి జీవితమంతా అక్కడే ఆగిపోనక్కర్లేదు, మళ్ళీ బయలుదేరవచ్చు.

ఆదివారం వచ్చేదాకా ఆగలేకపోయాను. బుధవారం సాయంత్రం టైలరన్న ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని గుండీలు కుడుతున్నారు. మిషన్ తొక్కొద్దన్నారు కానీ గుండీలు కుట్టొద్దనలేదట. చెప్పేశాను. 22 కాదు 15, 24 కాదు 14 అని. ఏడుపొచ్చింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. సూదిలో దారం ఎక్కించుకుని, "పరవాయిల్లై పాపా" అన్నారు. తర్వాత తల వంచుకునే, "నా పదిహేడులో కూడా మూడు నడకే" అన్నారు.

అప్పుడు నాకు విషయం పూర్తిగా అర్థమైంది. ఆయన నా అబద్ధాన్ని చూసి తనది కాస్త పెంచి రాశారు. రాసిన అంకెని నిజం చేయాలని మర్నాటి నుంచి ఒంటిని కొట్టారు. ఆయన అంకె చూసి ప్రెస్సు అన్నలు ఏం చేశారో! ఒకరి అబద్ధం ఒకరిని తరుముతూ, ఉక్కపోతలో అందరం పరిగెత్తాం.

ఆ ఆదివారం టీ కొట్టులో నా పాత అంకెలు ఎర్ర పెన్నుతో కొట్టేసి, అందరిముందు సరైనవి రాశాను. మామయ్య ముఖం చిన్నబోయింది. తిట్టలేదు. కానీ ఆ రోజు నాకు వడ ఇప్పించడం మరిచిపోయారు. అది మరుపు కాదని నాకు తెలుసు. తర్వాత ఆయనే స్కేలు తీసుకుని ప్రతి గడినీ రెండుగా చేశారు. ఒకటి పరుగుకి, ఒకటి నడకకి. ఆ వారం అందరి పరుగు లెక్కా తగ్గింది. ఎందుకు తగ్గిందని ఎవరూ ఎవరినీ అడగలేదు.

జూన్‌లో పందెం జరిగింది. టైలరన్న పరిగెత్తలేదు, మా చెప్పులు, సంచులు చూసుకుంటూ ముగింపు దగ్గర నిలబడ్డారు. నేను రెండుసార్లు నడిచాను. 5 కిలోమీటర్లకి 38 నిమిషాలు పట్టింది. ఏప్రిల్‌లో 31 నిమిషాల్లో ముగించేదాన్ని. నోటుబుక్కులో 38 అనే రాశాను. రాస్తున్నప్పుడు కొంచెం సిగ్గేసింది, అబద్ధమెందుకు! కానీ నా పక్క గడి ఖాళీగా ఉండటం చూస్తే వేసిన సిగ్గు అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడు ఉళైప్పాళర్ సిలై దగ్గర నిలబడినప్పుడల్లా ఆ నలుగురు కూలీలని చూస్తాను. వాళ్ళలో ఒకడు నెట్టకుండా నెట్టినట్టు నటిస్తే బండ బరువు తగ్గదు. మిగిలిన ముగ్గురి భుజాల మీద పడుతుంది. నా లెక్క నా ఒక్కదానిదే అనుకున్నాను. పక్కవాళ్ళు చూసి నడిచే లెక్క ఏదీ నా ఒక్కదానిదే కాదు. పరీక్షకి ఎన్ని గంటలు చదివామని మనం స్నేహితులకి చెప్పేది కూడా అలాంటి లెక్కే కదా! మీరు ఈసారి ఆ అంకె చెప్పేముందు ఒక్క క్షణం ఆగి చూడండి.