రుచి చూస్తే తాగినట్టు కాదా?

బందీ ఛోడ్ నాటి రాత్రి జంషెడ్‌పూర్‌లోని మా ఇంటికి బావగారు రెండు సింగిల్ మాల్ట్ సీసాలు తెచ్చారు. "చవకవే. తాగడానికి కాదు, ఏది బాగుందో చూద్దాం" అన్నారు.

మొలకెత్తిన బార్లీతో ఒకే బట్టీలో కాచి, ఓక్ పీపాల్లో ఉంచిన మద్యం అది. రుచిలో తేడా ఉంటుంది, కాదనం. కత్తి పదును బొటనవేలితో పట్టే సిక్లిగర్లం, తేడా చూడటం మనకు కొత్త కాదు. కానీ పదును చూసిన వేలికి మత్తెక్కదు. నాలుగు గుక్కలయ్యాక తేడా చెప్పాల్సిన నాలుకే తడబడుతుంది. మద్యం తాగినవాడికి తనవారెవరో పరాయివారెవరో తెలియదని గురు అమర్‌దాస్ జీ హెచ్చరించారు. రహత్ మర్యాద కూడా ఇంతవరకు పరవాలేదని కొలత ఇవ్వలేదు.

అయినా ఇంటి అల్లుణ్ణి నొప్పించకుండా ఎలా వద్దనడం? గ్లాసుల్లో లస్సీ పోసి ముందుపెట్టాం. ఆయన నవ్వలేదు. చాలాసేపటికి గ్లాసు అందుకున్నారు.