జీర్ణరథము, నూతననాదము

ఒక వస్తువునందు భాగములు మారినను అది పూర్వపు వస్తువే యగునా, లేక ఒక్క భాగము మారినంతనే వేరొక వస్తువు పుట్టినదని చెప్పవలయునా యను ప్రశ్న భారతీయ దర్శనములలో బహుకాలము చర్చింపబడినది. కుండను, వస్త్రమును, రథమును ముందుంచుకొని పెద్దలు వాదించిరి. ఆ వాదము నేడు మోటారు మరమ్మతుల వీథిలోను మన కెదురగుచున్నది. ఉత్తర్‌పారా కర్మాగారమునుండి 1958 మొదలు 2014 వరకు వెలువడిన అంబాసిడరు కార్లలో నొకటి తండ్రినుండి సంక్రమింపగా, దానిని వదలుకొనజాలని గృహస్థుడు అందులో క్రొత్త స్టీరియో నమర్పగోరి, ఎలక్ట్రీషియను చేతి రంపపు బ్లేడు డాష్‌బోర్డును తాకబోవునప్పుడు “కొయ్యకయ్యా, కాస్త ఆగు” అని వారించినచో, ఆతడు తెలియకయే ఒక దార్శనిక ప్రశ్నను లేవదీసినవా డగును. ఆ సంకోచమునకు యుక్తి కలదా, లేక అది కేవలము మమకారమా యని విచారింపదగియున్నది.

మొదట ఆ పని స్వరూపమును తెలియవలయును. పూర్వపు కారు రేడియోకు ఇరువైపుల రెండు త్రిప్పుడు బొత్తాములును, నడుమ స్టేషన్లను చూపు పలకయు నుండెడివి. వానికై డాష్‌బోర్డున రెండు రంధ్రములును ఒక చిన్న గవాక్షమును చాలెడివి. జర్మను ప్రమాణముగా పుట్టి లోకమంతట వ్యాపించిన నేటి కొలత ననుసరించిన స్టీరియో 180 మిల్లీమీటర్ల వెడల్పును 50 మిల్లీమీటర్ల యెత్తును గల తన ముఖమునకు తగిన గూటిని కోరును. ఆ గూడు లేనిచోట కోసి కల్పింపవలసినదే. విద్యుత్తు విషయమునను పాతకొత్తల మర్యాదలు వేరు. క్రొత్త యంత్రపు పసుపుపచ్చ తీగ బ్యాటరీతో ఎడతెగని సంబంధము కలిగి, గడియారమును, ఎన్నుకొన్న స్టేషన్లను జ్ఞప్తియం దుంచును. ఎఱ్ఱతీగకు తాళపుచెవి త్రిప్పినప్పుడే విద్యుత్తు వచ్చును. నల్లతీగ కారు శరీరమునకు ఎర్తుగా బిగింపబడును. కాని పూర్వకాలపు బ్రిటిషు కార్లు పెక్కింటిలో బ్యాటరీయొక్క ధనధ్రువమే శరీరమునకు కలుపబడియుండెను. అట్టి కారులో నేటి స్టీరియోను విచారింపక కలిపినవాడు దానిని దగ్ధము చేసికొనును. అట్లే స్పీకరు తీగలలో నొకదానిని కారు శరీరమునకు కలుపు వాడుక పాత రేడియోలకు కలదు. నేటి స్టీరియోలో ఆ రెండు తీగలును ఆంప్లిఫయరునుండియే రావలసినవి గనుక, పాత వాడుకను పాటించినచో ఆంప్లిఫయరు చెడును. కనుక క్రొత్తది తన ధర్మముతో వచ్చును, పాతదానికిని తన ధర్మము కలదు. రెంటిని ఎఱుగనివాడు రెంటికిని హాని చేయును.

ఇక దార్శనికుల మాట. న్యాయవైశేషికుల మతమున అవయవి యనునది అవయవములకంటె భిన్నమైన ద్రవ్యము; అది అవయవములయందు సమవాయ మను విడదీయరాని సంబంధమున నుండును. ఆంధ్రుడని ప్రతీతి గల అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు బోధించిన సంయోగ సమవాయ భేదము నిట నన్వయించి చూతము. మరలతో బిగించిన స్టీరియోకును కారునకును గల సంబంధము సంయోగమాత్రమే. మరలు విప్పినచో రెండును వేరగును, ఏదియు నశింపదు. రేకును కోయుట యట్టిది కాదు, అది అవయవములనే విడదీయుట. అవయవసంయోగము నశించినచో పూర్వపు అవయవి నశించి, మిగిలిన భాగములతో మరియొక ద్రవ్యము పుట్టునని వారి సిద్ధాంతము గనుక, కోసిన పిమ్మట “ఇది మా నాన్నగారి కారే” యను ప్రత్యభిజ్ఞ సాజాత్యమువలన గలిగిన దనియే చెప్పవలసివచ్చును.

బౌద్ధులు ఇంకను దూరము పోయిరి. మిళిందరాజు రథముపై వచ్చితినని చెప్పగా, భిక్షువైన నాగసేనుడు ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగలు రథమా యని యొక్కొక్కదానిని ప్రశ్నించి, ఏదియు కాదనిపించి, ఆ కూర్పును పట్టి లోకము పెట్టుకొన్న వ్యవహారనామమే రథమని యొప్పించెను. కృష్ణాతీరముతో సంప్రదాయము ముడిపెట్టిన నాగార్జునుని శూన్యవాదమార్గము ననుసరించిన చంద్రకీర్తి, మధ్యమకావతారమున ఆ రథమునే ఏడు విధముల వెదకి, ఎచ్చటను స్వభావసిద్ధమైన రథము దొరకదని తేల్చెను.

ఉన్న కారు కోతతో నశించునని యొకరును, స్వభావసిద్ధమైన కారే లేదని మరియొకరును చెప్పగా, ఇక బ్లేడునకు అడ్డేమి యని తోచవచ్చును. నా కట్లు తోచదు. కారునందు అచ్ఛేద్యమైన ఆత్మ యొకటి యున్నచో దానిని ఏ బ్లేడును బాధింపజాలదు. కాపాడవలసిన యక్కరయు మనకు లేదు. అట్టిది లేదు గనుకనే, అది అదియై నిలుచుట కేవలము భాగముల కూర్పుపైనను, దానిని వాడువారి నడవడిపైనను ఆధారపడియున్నది. కావున శూన్యవాదము మనలను బాధ్యతనుండి విడుదల చేయుట లేదు. వస్తువు తన్ను తాను కాచుకొనలేదని చెప్పి, ఆ బరువును మన భుజములపై నుంచుచున్నది.

ఇందుకు మన దేశముననే దృష్టాంతము కలదు. కృష్ణాతుంగభద్రల సంగమమునొద్ద కూడవెల్లిలో రాతిపై రాయి పేర్చి కట్టిన సంగమేశ్వరాలయము శ్రీశైలము ప్రాజెక్టు నీటిలో మునుగనుండగా, దానిని రాతికి రాయిగా విప్పి అలంపురమున పునర్నిర్మించిరి. అవయవములు విడిపోయినప్పుడే ఆ గుడి నశించినదని తార్కికుడు చెప్పును. భక్తుడు మాత్రము ఆ గుడియే యని ప్రదక్షిణము చేయును. ఆతడు భ్రాంతుడు కాడు. కట్టడమున ఏ రాయి యెచ్చట నుండెనో మరల నచ్చటనే నిలిపిన ఆ శిల్పుల జాగరూకతయే ఆ గుడి గుడియై నిలుచుటకు కారణము.

జడమైన యంత్రముపై ఇంత విచార మేల, రథము రథికునికొఱకు గదా యని యాక్షేపింపవచ్చును. కఠోపనిషత్తు శరీరమును రథముగాను, ఆత్మను రథికునిగాను చెప్పినదే. పాతదన మను పేరిట పాట వినుటయే మానుకొన్నవాడు రథమునకు రథికుని దాసునిగా చేసినవాడు; స్టీరియో నమర్చుకొనుటలో దోషములేదు. కాని నేటి రథికుడే కడపటి రథికుడు కాడు. 1963లో ఫిలిప్సువారు వెలువరించిన క్యాసెట్టు కార్లలో ప్రవేశించిన కాలమున, అదియే శాశ్వతమని నమ్మి డాష్‌బోర్డులను కోయించినవారు కలరు. తరువాత సీడీ వచ్చెను, ఇప్పుడు ఫోనులోని పాట బ్లూటూత్ మార్గమున తీగ లేకయే స్పీకరును చేరుచున్నది. క్యాసెట్టు పోయినను రంధ్రము పోలేదు. కనుక యంత్రమును గ్లోవుబాక్సులోనో, సీటు క్రిందనో బిగించి, దానికి వేరుగా ఫ్యూజును తీగలను ఏర్పరచి, పాత వైరింగును త్రెంపక విడిచి, తీసిన పాత రేడియోను దాచియుంచుట యుత్తమమార్గము. పాత రేడియో ముఖమును నిలిపి లోపల క్రొత్త సర్క్యూటు నమర్చుట కంటికి మరింత ఇంపు; కాని అది కారును కాపాడుటకై రేడియోను బలిచేయును గనుక, చెడి బాగుపడని రేడియోకే తగినది.

ఈ వివేకము కారుతో నాగిపోవునది కాదు. పూర్వులనుండి మనకు వచ్చిన ఆచారములకును, సంస్థలకును కాలానుగుణముగా క్రొత్తదానిని చేర్చక తప్పదు. చేర్చరాదనుట వానిని నిరుపయోగములను చేయుటయే. అయితే చేర్చువాడు తన బుద్ధియే తుదిబుద్ధి యని భావింపక, రేపటివాడు ఇంతకంటె మేలైన దెఱిగినచో నేటి కూర్పును సులభముగా విప్పుకొనునట్లు కూర్పవలయును. అన్యాయమైన ఆచారము మొదటినుండియు గాయమే గనుక, దానిని కోసివేయవలసినదే. ఈ నియమము దానికి రక్షణ కాదు. తక్కిన వానియందు విప్పదగిన కూర్పే సంస్కర్త వినయమునకు ప్రమాణము.