జాలీ మాయం

జూలో వీడియోలు తీసేవాళ్ళు మొదట నేర్చుకునే విద్య జాలీని మాయం చెయ్యడం. లెన్స్‌ని ఇనప జాలీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అపర్చర్ పూర్తిగా తెరవాలి. జంతువు జాలీకి దూరంగా, వెనక్కి వెళ్ళేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు దాని కంటిమీద ఫోకస్ పెడితే ముందున్న తీగలన్నీ పల్చటి పొగలా కరిగిపోతాయి. తెరమీద చిరుత ఒక్కటే మిగులుతుంది. చూసినవాళ్ళు "ఏ అడవిలో తీశావు?" అని అడుగుతారు. ఈ సరదాలో అంతకు మించిన మెప్పు లేదు.

నాకీ సరదా ఉంది. ఏ ఊరెళ్ళినా జూ ఎక్కడుందో వెతుక్కుంటాను. మన హైదరాబాద్, విశాఖ, తిరుపతి సరే, చెన్నై దగ్గర వండలూరు, మైసూరు, కోల్‌కతాలో అలీపూర్ దాకా కెమెరా మోసుకెళ్ళాను. అసలు జంతువుల్ని అలా పెట్టడం న్యాయమా అని అడిగే స్నేహితులున్నారు. ఆ వాదనలో నేను ఇద్దరి పక్కనా కొంత దూరం నడవగలను. నెహ్రూ జూలో పెంచిన మూషిక జింకల్ని నల్లమలలో, అమ్రాబాద్ అడవిలో వదిలారు. అది చిన్న సంగతి కాదు. జూల్లో ఉన్నవాటిలో చాలావాటికి అలాంటి తిరుగు ప్రయాణం ఎప్పటికీ ఉండదు. అదీ చిన్న సంగతి కాదు. ఆ తగువు నా వల్ల తీరేది కాదు. నన్ను వదలనిది అంతకంటే చిన్న ప్రశ్న, నా చేతిలో ఉన్న ప్రశ్న: అక్కడ చూసినదాంట్లో ఏది ఉంచాలి, ఏది కత్తిరించాలి?

అడ్డుని దాచెయ్యడం కెమెరాతో మొదలవలేదు. జర్మనీలో కార్ల్ హేగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి 1907లో హాంబర్గ్ దగ్గర స్టెలింగెన్‌లో ఊచలు లేని జూ తెరిచాడు. ఊచల బదులు కందకాలు తవ్వించాడు. ఎదురుగా నిలబడ్డవాడికి కందకం కనబడదు, రాళ్ళమీద సింహం కనబడుతుంది. 1963లో తెరిచిన మన నెహ్రూ జూలో సింహాలూ పులులూ ఉండే చోట్లదీ ఇదే పద్ధతి. బోనుకంటే ఎంతో నయం, కాదనను. కానీ కందకం అక్కడుందని సింహానికి బాగా తెలుసు. మర్చిపోయే వీలు దొరికింది మనకే. ఇదే హేగెన్‌బెక్ అంతకుముందు 1870లలో ఉత్తర యూరప్ నుంచి సామీ కుటుంబాల్ని వాళ్ళ రెయిన్‌డీర్లతో, గుడారాలతో సహా తెచ్చి, టికెట్టు పెట్టి చూపించాడు. అక్కడా కిటుకు ఇదే. వాళ్ళు వాళ్ళ ఊళ్ళోనే ఉన్నట్టు కనబడాలి.

ఇక పులి సంగతి. ఒక జూలో ఒక పులి గోడ వెంట పది పన్నెండు అడుగులు వేసి, ఒకే చోట తల తిప్పి, వెనక్కి వచ్చేది. మళ్ళీ అంతే. దాని పాదాలు పడ్డంత మేరా గడ్డి లేదు. కెమెరా పట్టుకున్నవాడికి ఇంతకంటే సుఖం ఏముంటుంది? అది ఎక్కడ తిరుగుతుందో, ఎండ ఎక్కడ దాని మొహం మీద పడుతుందో ముందే తెలుసు. ట్రైపాడ్ వేసి, ఫోకస్ లాక్ చేసి నిలబడితే చాలు, నిమిషానికి రెండుసార్లు తనే వచ్చి ఫ్రేములో పడుతుంది. అడవిలో అయితే ఆ ఒక్క షాట్ కోసం ఎన్ని రోజులు జీపులో కూర్చోవాలో! తిండి వేళకి తలుపు దగ్గర పచార్లు చెయ్యడం వేరు, ఇది వేరు. దీన్ని శాస్త్రజ్ఞులు స్టీరియోటైపీ అంటారు. నా దగ్గర నలభై నిమిషాల ఫుటేజ్ ఉంది. అందులోంచి పదిహేను సెకన్లు తీసి, కింద డప్పు మోగిస్తే రాజసం. నలభై నిమిషాలూ చూస్తే జబ్బు. ఆ పదిహేను సెకన్లలో ఒక్క ఫ్రేము కూడా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

పడుకున్న జంతువుల దగ్గర ఇంకో తంతు. "ఏయ్, లే!" అని అరుపులు, ఈలలు, అద్దం మీద దరువులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది శిక్ష పడే నేరమని బోర్డు మీద రాసే ఉంటుంది. బోర్డు పక్కన నిలబడే అరుస్తారు. అరిచేవాళ్ళలో సగంమంది అసలు జంతువు వైపు చూడరు, వీపు దానికి పెట్టి సెల్ఫీలో చూసుకుంటారు. యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో జూలో తీసిందే. 2005 ఏప్రిల్ 23న పెట్టిన 19 సెకన్ల వీడియో. శాన్ డియేగో జూలో ఏనుగులు వెనకుంటాయి, జావేద్ కరీం ముందు నిలబడి వాటి తొండాల పొడుగు గురించి మాట్లాడతాడు. అప్పటినుంచీ మన నిలబడే తీరు పెద్దగా మారలేదు.

జాలీ కనబడాలనే నా పట్టుదలకి ఎదురువాదం ఒకటుంది, కొట్టెయ్యలేనిది. జైల్లో ఉన్న మనిషి ఫొటో తీస్తే ఊచలతోనే తీయాలా? ఎప్పుడూ ఊచలతోనే చూపిస్తే అతన్ని ఖైదీగానే మిగిల్చినట్టు కాదా? నిజమే. తీగలు కరిగిపోయాకే ఆ చిరుత ముక్కు మీద పాత గాటు నాకు కనబడింది. అప్పటిదాకా "పాపం" అనుకున్నానే తప్ప చిరుతని చూడలేదు. కానీ ఖైదీనైతే ఎలా తీయమంటావని అడగొచ్చు, అతను చెప్పగలడు. చిరుతని అడగలేం. నేను తీసిందాన్ని అది ఎప్పటికీ చూడదు కూడా. ఇక మిగిలింది, చూసేవాళ్ళకి నేనేం బాకీ ఉన్నానన్నదే.

1933లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో, హోబర్ట్ జూలో, డేవిడ్ ఫ్లే అనే ప్రకృతి శాస్త్రవేత్త థైలసీన్‌ని ఫిల్మ్ తీశాడు. కుక్కలా ఉండి, నడుం మీద పులిచారలుండే సంచిజంతువు. గొర్రెల్ని తింటోందని 1888 నుంచి 1909 దాకా దాన్ని చంపినవాళ్ళకి ప్రభుత్వమే డబ్బిచ్చింది. తీస్తుండగా అది ఫ్లేని పిరుదు మీద కరిచింది, పాపం అనాలో బాగా అయిందనాలో తెలీదు. ఆ జాతిలో చివరిదిగా తెలిసిన జంతువు 1936 సెప్టెంబర్ 7న అదే జూలో చచ్చిపోయింది. చట్టం రక్షణ ఇచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఇప్పుడు థైలసీన్ కదలికలంటే అన్నీ కలిపి కొద్ది నిమిషాల నలుపు తెలుపు ఫిల్మే. ఫ్లే తీసినదాంట్లో అది నోరు బార్లా తెరుస్తుంది, అటూ ఇటూ తిరుగుతుంది, వెనక తీగల కంచె కనబడుతుంది. అతను ఆ కంచెని తప్పించి తీసుంటే మనకి అందమైన అడవి జంతువు మిగిలేది. దాన్ని ఆఖరికి ఎక్కడ పెట్టామన్నది మిగిలేది కాదు.

ఈమధ్య నేను ఫోకస్‌ని ముందు జాలీ మీద పెట్టి, తర్వాత మెల్లగా లోపలికి జరుపుతున్నాను. తీగలు స్పష్టంగా ఉన్నంతసేపూ జంతువు ఒక పసుప్పచ్చ మరక. పులి వీడియో కత్తిరించకుండా నలభై నిమిషాలూ పెట్టాను. పులికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు. చూసినవాళ్ళలో ఎక్కువమంది మొదటి నిమిషంలోనే వెళ్ళిపోయారు. ఒకరు మాత్రం చివరిదాకా చూసి, అది ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో లెక్కపెట్టి, ఇంకేమీ రాయకుండా ఆ అంకె ఒక్కటే పంపారు: 79.